మంచి గ్రేడర్ మంచి సూపర్వైజర్ కావాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పశ్చిమగోదావరి జిల్లాలో ఉండి అనే ఊరి దగ్గర మీది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్. గ్రేడింగ్‌లోనూ (రొయ్యలను సైజు వారీగా వేరుచేయడం) ఫ్రీజింగ్‌లోనూ చెయ్యి తిరిగిన ఐదుగురిని ఏరి సూపర్వైజర్లను చేశారు. ఏడాది తిరిగేసరికి టేబుళ్ళ మీద ఐదుగురు మంచి పనివాళ్ళు లేకుండా పోయారు గానీ సూపర్వైజర్లు మాత్రం తయారుకాలేదు. ఇంగ్లండ్‌లో ఉంటున్న మీ బావగారు, అక్కడ మేనేజర్లను కూడా అప్రెంటిస్‌షిప్ (పని చేస్తూనే నేర్చుకునే ఏర్పాటు) పెట్టి తయారుచేస్తారని చెప్పారు. అది ఇక్కడ కుదురుతుందా, ఎంత ఖర్చవుతుంది, నేర్చుకున్నాక పక్క ప్లాంట్‌కి పోరా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, కుదురుతుంది. కాకపోతే ప్రభుత్వ పథకం కింద కాదు, మీ సొంత ఏర్పాటుగా చేసుకోవాలి. ఒక్కో మనిషికి ఏడాది పడుతుంది. క్లాసు పెట్టించి చెప్పించే పాఠాలు అందులో చిన్న భాగం. అసలు పని ఇదీ: ఒక్కో రకం నిర్ణయాన్ని వరసగా అతని చేతిలో పెట్టాలి, పక్కన అనుభవం ఉన్న మనిషిని ఉంచాలి, మీరు మధ్యలో చెయ్యి పెట్టకూడదు. మొదటి రెండూ కాస్త డబ్బుతో, కాస్త ఓపికతో అయిపోతాయి. ఎక్కువ ప్లాంట్లలో బండి ఆగిపోయేది మూడోదాని దగ్గరే.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ప్రొడక్షన్ ఫ్లోర్ మీద మొదలుపెట్టి ఫ్యాక్టరీ మేనేజర్‌గా చేశాను. ఇప్పుడు భీమవరం, ఆకివీడు, కాకినాడ వైపు ప్లాంట్లకీ కొన్ని రైస్ మిల్లులకీ సూపర్వైజర్లను తయారుచేసే పని చూస్తున్నాను.

ముందు ఇంగ్లండ్ సంగతి. మీ బావగారు చెప్పింది నిజమే. అక్కడ అప్రెంటిస్ అంటే ఐటీఐ కుర్రాడే కానక్కర్లేదు. టీమ్ లీడర్‌కి లెవెల్ 3, ఆపరేషన్స్ మేనేజర్‌కి లెవెల్ 5, ఆపైన డిగ్రీతో కలిపి చార్టర్డ్ మేనేజర్ దాకా మెట్లు పెట్టారు. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళూ చేరొచ్చు. దీనికి డబ్బు 2017 ఏప్రిల్‌లో వచ్చిన లెవీ నుంచి, అంటే శిక్షణ కోసం కంపెనీల మీద వేసే పన్ను నుంచి వస్తుంది. ఏడాది జీతాల ఖర్చు 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీలు, దాటిన మొత్తం మీద 0.5 శాతం కట్టాలి. కట్టిన డబ్బు శిక్షణకి వాడుకోవచ్చు. వాడుకోకపోతే పోతుంది. దాంతో చాలా కంపెనీలు ఉన్న మేనేజర్లనే అప్రెంటిస్‌లుగా చేర్పించి చదివించుకున్నాయి. కుర్రాళ్ళకి దక్కాల్సిన డబ్బు పెద్ద జీతగాళ్ళ చదువుకి పోతోందని అక్కడ గొడవ కూడా అయింది. చివరికి 2026 జనవరి నుంచి అన్నిటికంటే పైమెట్టు అయిన లెవెల్ 7కి, 22 ఏళ్ళు నిండినవాళ్ళు కొత్తగా చేరితే డబ్బు ఇవ్వడం చాలావరకు ఆపేశారు.

మనకి ఆ లెవీతో పనిలేదు, లెవెల్ నంబర్లతోనూ పనిలేదు. అందులోంచి మూడు సంగతులు తీసుకుంటే చాలు. నేర్చుకునే టైముకి జీతం కట్ చేయరు (2022లో వారానికి కనీసం ఆరు గంటలు అని నియమం కూడా పెట్టారు). నేర్చుకున్నది తన సొంత పనిలోనే చేసి చూపించాలి. చివర్లో పరీక్ష పెట్టేది నేర్పినవాళ్ళు కాదు, బయటివాళ్ళు. ఈ మూడింటిలో ఏది తీసేసినా మిగిలేది రెండు రోజుల సెమినార్, ఒక గ్రూప్ ఫొటో.

మన చట్టం సంగతి. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు కాబట్టి జాగ్రత్తగా చదవండి. మనకి 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం ఉంది. 2019 నిబంధనల ప్రకారం కాంట్రాక్టు వాళ్ళతో కలిపి 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ, మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. మీ ప్లాంట్ కచ్చితంగా ఈ లెక్కలోకి వస్తుంది. కేంద్రం 2016లో తెచ్చిన ఎన్‌ఏపీఎస్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్) పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి గరిష్ఠంగా 1,500 రూపాయల దాకా ప్రభుత్వమే భరిస్తుంది. ఆ డబ్బు నేరుగా అప్రెంటిస్ ఖాతాలో పడుతుంది.

కానీ ఇది కొత్తగా వచ్చి పని నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టింది. చట్టం ప్రకారం అప్రెంటిస్ కార్మికుడి కిందకి రాడు, ఆ కాంట్రాక్టు మీద పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. అందుకని మీ దగ్గర ఆరేళ్ళుగా చేస్తున్న మనిషిని సబ్సిడీ కోసం కాగితాల మీద అప్రెంటిస్‌గా మార్చే ఆలోచన ఎవరైనా కన్సల్టెంట్ చెబితే అక్కడికక్కడే వద్దనండి. అతని హక్కులు పోతాయి, రేపు తనిఖీలో మీ మెడకి చుట్టుకుంటుంది. చట్టం కింద అప్రెంటిస్‌లను తీసుకోవాలనుంటే ఫిషరీస్ డిప్లొమా వాళ్ళనో, కాకినాడ జేఎన్‌టీయూలోనో బాపట్లలోనో ఫుడ్ టెక్నాలజీ చదివిన పిల్లలనో తీసుకోండి. వాళ్ళు ఏడాది తర్వాత క్వాలిటీ వైపు పనికొస్తారు. మీ ఐదుగురి సమస్య వేరు. వాళ్ళు మీ ఉద్యోగులుగానే, జీతం, పీఎఫ్ ఏదీ కదలకుండా నేర్చుకోవాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక అసలు విషయం. చెయ్యి తిరిగిన మనిషి కుర్చీ ఎక్కగానే ఎందుకు తడబడతాడు?

రాత్రి ఒంటిగంట షిఫ్ట్ ఊహించుకోండి. కాళ్ళ అనే ఊరి నుంచి ఒక లోడు, ఆకివీడు నుంచి ఒక లోడు పది నిమిషాల తేడాలో గేటు దగ్గరికొచ్చాయి. ఒకటి 40 కౌంట్ (అంటే కిలోకి 40 రొయ్యలు). చెరువులో పట్టుబడి ఆలస్యమై క్రేట్లలో ఐసు సగం కరిగింది. రెండోది 60 కౌంట్, ఐసు బాగానే ఉంది గానీ ఆ రైతు మీకు బాగా కావలసినవాడు, ముందు తనదే దింపమని డ్రైవర్‌తో ఫోన్ చేయిస్తున్నాడు. వరి నాట్ల రోజులు కాబట్టి తలలు తీసే టేబుళ్ళలో మూడోవంతు ఖాళీ. లోపల ప్లేట్ ఫ్రీజర్ ఒకటి ఇంకో ముప్పావుగంటకి గానీ ఖాళీ కాదు. ఇప్పుడు ఏ లోడు ముందు? ఎవరిని ఏ టేబుల్‌కి మార్చాలి? ఐసు ఎక్కడినుంచి తేవాలి?

మీ గ్రేడర్ చేతికి రొయ్య సైజు తెలుసు. చూడకుండా వేరుచేయగలడు. ఈ ప్రశ్నలు మాత్రం ఇంతవరకు అతన్ని ఎవరూ అడగలేదు. అందుకని ఏం చేస్తాడంటే, గ్లవ్స్ తొడుక్కుని టేబుల్ దగ్గరికెళ్ళి తనే గ్రేడింగ్ మొదలెడతాడు. టెన్షన్ వచ్చినప్పుడు మనిషి తనకి బాగా వచ్చిన పని వెనక దాక్కుంటాడు. ఎన్ని ప్లాంట్లలో చూశానో. ఆ సమయానికి మీరు రౌండ్‌కి వచ్చారనుకోండి, "చూడండి, సూపర్వైజర్ అయినా ఎంత ఒళ్ళొంచి చేస్తున్నాడో" అని మెచ్చుకుంటారు. ఆలోగా 40 కౌంట్ క్రేట్లు గేటు దగ్గర వేడెక్కుతుంటాయి. తెల్లారేసరికి తలల దగ్గర నల్లమచ్చ కనిపిస్తుంది, తిట్లు గ్రేడింగ్ అమ్మాయిలకి పడతాయి.

కాబట్టి నేర్పాల్సింది ఈ నిర్ణయాలను. వీటిని గదిలో బోర్డు మీద నేర్పలేం. ఒక్కరోజులో అన్నీ నెత్తిన పెట్టినా నేర్పలేం. మీరు మీ ఐదుగురికి చేసింది ఈ రెండోది.

వరస ఎలా ఉండాలంటే, నేనైతే హాజరు, టేబుళ్ళ పంపకంతో మొదలుపెడతాను. చిన్నపనిలా కనిపిస్తుంది గానీ డెల్టాలో ఇదే పెద్ద పరీక్ష. సార్వా నాట్లు, దాళ్వా నాట్లు, కోతలు, పెళ్ళిళ్ళ ముహూర్తాలు, సంక్రాంతికి ముందూ వెనకా వారం, వీటిలో ఏ రోజు ఏ ఊరి ఆటో సగం ఖాళీగా వస్తుందో ముందే పసిగట్టడం నేర్చుకోవాలి. నెల ముందే రాసిపెట్టుకున్న సూపర్వైజర్‌కీ, పొద్దున్నే గేటు దగ్గర తల పట్టుకునే సూపర్వైజర్‌కీ మధ్య మీకు టన్నుల్లో తేడా వస్తుంది. తర్వాత తూకాలు. ఆ తర్వాత లోడ్ల వరస, ఐసు. ఆపైన కరెంటు పోయినప్పుడు, కంప్రెసర్ మొరాయించినప్పుడు ఏది ఆపాలి, ఏది నడపాలి. అటుపైన షిఫ్ట్ ఖర్చు: ఓవర్‌టైం ఎంత, ఐసు ఎంత, తల తీశాక ఎంత దిగుబడి వచ్చింది. చివరి రెండు నెలలు షిఫ్ట్ మొత్తం అతనిదే.

తూకాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పీలింగ్ ఆడవాళ్ళకి కిలో లెక్కన కూలి. టబ్బులో నీళ్ళెంత, రొయ్యలెంత అన్నది రోజూ గొడవే. సూపర్వైజర్ అందాజుగా అరకిలో తీసేస్తాడు, ఆమె ఊరుకోదు, పక్క టేబుల్ వాళ్ళు పని ఆపి చూస్తారు. ఒక ప్లాంట్‌లో ఈ పనిని పీలింగ్ టేబుల్ మీంచే ఎంచుకున్న ఒక అమ్మాయికి అప్పగించాం. ఇంటర్ చదివింది, కొత్తవాళ్ళకి పని నేర్పించడంలో అందరూ తననే పిలిచేవారు. ఆమె చేసిందల్లా ఒకటే. టబ్బు జల్లెడ మీద వంచి రెండు నిమిషాలు వదిలేసి, ఆ తర్వాతే కాటా మీద పెట్టడం. గోడగడియారాన్ని తీయించి కాటా పక్కనే, అందరికీ కనిపించేలా పెట్టించింది. తన మేనత్త టబ్బయినా అదే రెండు నిమిషాలు. అందాజుగా కోత కోయడం అక్కడితో ఆగింది. గొడవ నెల తిరక్కుండానే తగ్గిపోయింది. దీనికి ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు, ఆ నిర్ణయం తీసుకునే హక్కు ఆమెకి ఇవ్వడమే కావలసింది.

మాటలో మాట, మీ ఐదుగురిలో ఆడమనిషి ఒక్కరూ లేరని గమనించాను. ఫ్లోర్ మీద ఎక్కువమంది ఆడవాళ్ళే కదండీ. రాత్రి షిఫ్ట్‌కి బండి, తోడు, ఆమె ఒప్పుకోలు, ఇవన్నీ సరిగ్గా చూసుకోవాల్సిందే. అది సాకుగా పెట్టుకుని పగటి షిఫ్ట్‌లో కూడా ఇవ్వకపోవడం మాత్రం మీకే నష్టం.

ఇంకొకటి, క్వాలిటీ కోసం పని ఆపే అధికారం. సరుకు ఉష్ణోగ్రత 4 డిగ్రీలు దాటుతోందనో, బ్లాక్ (గడ్డకట్టించిన రొయ్యల దిమ్మ) మధ్యలో మైనస్ 18 రాకుండానే ఫ్రీజర్ తెరుస్తున్నారనో అనిపిస్తే లైన్ ఆపే హక్కు నేర్చుకునేవాడికి కూడా ఉండాలి. మొదట్లో అనవసరంగా ఆపుతాడు. ఆపనివ్వండి. ఒక గంట ఉత్పత్తి పోతుంది. ఆపినందుకు అందరిముందూ కేకలేశారంటే మళ్ళీ ఎప్పుడూ ఆపడు. ఆ తర్వాత ఓడెక్కిన కంటైనర్ వెనక్కి రావాల్సొస్తే పోయేది గంట కాదు.

రోజూ మూడు లైన్లు రాయించండి. చిన్న నోటుబుక్కు చాలు. ఈ షిఫ్ట్‌లో నేను తీసుకున్న పెద్ద నిర్ణయం ఏది, ఎందుకు తీసుకున్నాను, ఏమైంది. రాయడం రానివాళ్ళు ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసినా సరే. వారానికోసారి నేర్పే మనిషి అతనితో గంటసేపు కూర్చుని ఆ పేజీలు చదవాలి. ఆ గంట షిఫ్ట్ టైములోనే ఉండాలి. డ్యూటీ దిగాక కూర్చోబెడితే రెండో వారానికే ఆవలింతలు. ఇంకో రెండు గంటలు వేరే విభాగంలో గడపాలి. గ్రేడింగ్ మనిషి ల్యాబ్‌కో కోల్డ్ స్టోరేజ్‌కో డిస్పాచ్‌కో వెళ్ళి చూడాలి. తను తొందరపడి పంపిన బ్లాకు అవతల ఎవరికి తలనొప్పి అవుతుందో అక్కడే తెలుస్తుంది.

కొత్తవాళ్ళకి పని చెప్పడం కూడా నేర్పాలి. దీనికి నేను ఇప్పటికీ రెండో ప్రపంచయుద్ధం నాటి పద్ధతే వాడతాను. అమెరికాలో 1940 నుంచి 1945 వరకు ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని ఒక కార్యక్రమం నడిచింది. అనుభవం ఉన్న పనివాళ్ళు యుద్ధానికి పోయి ఫ్యాక్టరీల నిండా కొత్తవాళ్ళే చేరితే, సూపర్వైజర్లకి త్వరగా నేర్పడం కోసం పెట్టింది. పని నేర్పడానికి అందులో నాలుగు మెట్లు. మనిషిని కుదురుగా నిలబెట్టి తనకి ఏం తెలుసో కనుక్కోవడం, పని చేసి చూపిస్తూ ముఖ్యమైన చోట్లు చెప్పడం, తనచేత చేయిస్తూ తననే చెప్పమనడం, తర్వాత అప్పుడప్పుడు వెళ్ళి చూడటం. మన ఫ్లోర్ల మీద రెండో మెట్టు ఒక్కటే జరుగుతుంది, అదీ హడావిడిగా. "అర్థమైందా?" అంటారు, "ఆఁ అండి" అంటారు, అయిపోయింది. మూడో మెట్టులో నరం తీయడం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ అమ్మాయినే చెప్పమనండి. అర్థం కానిది ఏమిటో అక్కడ బయటపడుతుంది.

నేర్పే మనిషి ఎవరు? సాధారణంగా ఫ్లోర్ ఇన్‌చార్జిని పెడతారు. పెట్టొచ్చు. కానీ ముందు అతని భయం తీర్చండి. వీడికి నేర్పితే నా ఉద్యోగానికే ఎసరు అనుకుంటాడు, తప్పేంలేదు, ఎవరైనా అనుకుంటారు. అందుకే సగం చెప్పి సగం దాచుకుంటాడు. ఒక ప్లాంట్‌లో ఇన్‌చార్జి, కాంట్రాక్టర్లతో కూలిరేట్లు ఎలా మాట్లాడాలో నేర్చుకునే కుర్రాడికి ఏడెనిమిది నెలలు చూపించనేలేదు, తను లేకపోతే షిఫ్ట్ నడవకూడదని. దీనికి మందు సుద్దులు చెప్పడం కాదు. కుర్రాడు తయారైతే ఇన్‌చార్జి ఎక్కడికి ఎదుగుతాడో ముందే కాగితం మీద చెప్పండి. నేర్పినందుకు నెలనెలా ఎంతోకొంత అలవెన్స్ ఇవ్వండి. అలా చెప్పలేని పరిస్థితి ఉంటే వేరే విభాగం మనిషిని పెట్టండి.

నేర్పేవాడికి ఒక్కటే నియమం: సలహా చెప్పేముందు రెండు ప్రశ్నలు అడగాలి. "నువ్వైతే ఏం చేస్తావు?" "అది బెడిసికొడితే ఎలా?" ఆ తర్వాత ఏమైనా చెప్పుకోవచ్చు.

చుట్టరికాల సంగతి కూడా తప్పించుకోలేం. మీ సూపర్వైజర్లూ కూలివాళ్ళూ అవే నాలుగైదు ఊళ్ళవాళ్ళు అయ్యుంటారు. ఒక కుర్రాడు తన పిన్ని పనిచేసే టేబుల్‌ని ఏమీ అనలేకపోయేవాడు. ఆమె ఆలస్యంగా వచ్చినా చూడనట్టు పోయేవాడు, మిగతావాళ్ళు గుర్తుపెట్టుకునేవారు. వాళ్ళ ఇన్‌చార్జి కుర్రాణ్ణి నిలదీయలేదు. మొదటి మూడు నెలలు వేరే షిఫ్ట్‌కి మార్చాడు. ఎరగనివాళ్ళ దగ్గర మాట నెగ్గించుకోవడం అలవాటయ్యాక తిరిగి తెచ్చాడు. వచ్చిన మొదటిరోజే పిన్నిని పక్కకి పిలిచి, "పిన్నీ, ఇంటి దగ్గర నువ్వు చెప్పు నేను వింటా, ఇక్కడ మాత్రం నా మాట పోనివ్వకు" అన్నాడట. ఆమే నాకు నవ్వుతూ చెప్పింది. అందరి ఎదురుగా అనకుండా పక్కకి పిలవడంలోనే సగం పని అయిపోయింది.

ఇప్పుడు మీ సంగతి. కోపం తెచ్చుకోకండి. మీ ప్రశ్నలోనే ఒక వాక్యం ఉంది: "ఏ సమస్య వచ్చినా లేడీస్ నేరుగా నాకే ఫోన్ చేస్తారు, నేను వెంటనే తీరుస్తాను." మీరు మంచితనంగా చేస్తున్నారు, కాదనను. కానీ పై తూము దగ్గర మీరే కూర్చుని పంచుతుంటే శివారు చేను ఎండిపోవడం ఖాయం. మీకు ఫోన్ చేస్తే పని అయిపోతుందని తెలిసినప్పుడు సూపర్వైజర్ మాట ఎవరు వింటారు? తణుకు వైపు ఒక రైస్ మిల్లులో ఇదే పరిస్థితి. ఓనర్ గారు రోజూ యార్డులో తిరుగుతూ హమాలీలకి తనే పని పురమాయించేవారు. సూపర్వైజర్ వెనకాల నోటుబుక్కు పట్టుకుని నడిచేవాడు. అతనికి పై ఊళ్ళో పెద్ద ట్రైనింగ్ ఇప్పించారు. తిరిగొచ్చి మళ్ళీ నోటుబుక్కు పట్టుకుని నడిచాడు.

ఆయన చేత మేం చేయించిన మార్పు చిన్నదే. హమాలీ ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన చెప్పాల్సింది ఒకే మాట: "సూపర్వైజర్‌ని అడిగావా?" అడగలేదంటే పంపించేయాలి. అడిగానంటే సూపర్వైజర్‌ని పిలిచి, ముగ్గురూ ఉండగా అతనిచేతే జవాబు చెప్పించాలి. సూపర్వైజర్ జవాబు తప్పనిపిస్తే అక్కడ అనకూడదు, తర్వాత గదిలో మాట్లాడుకోవాలి. డబ్బు నష్టమో ప్రమాదమో ఉంటేనే అక్కడికక్కడ కలగజేసుకోవాలి. పెద్దాయనకి మొదటి నెల చాలా కష్టమైంది. యార్డులోకి వెళ్తే నోరు ఊరుకోదని ఆఫీసు గదిలోనే కూర్చునేవారు.

ఒక హద్దు చెప్పాలి. లైంగిక వేధింపులు, కూలి ఎగ్గొట్టడం, దెబ్బలు, కులం పేరుతో మాట తూలడం, ఇలాంటివాటికి మీ తలుపు ఎప్పుడూ నేరుగా తెరిచే ఉండాలి. మీ ప్లాంట్‌లో 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఎలాగూ ఉండాలి. నేను ఫోన్లు ఎత్తొద్దంటున్నది టేబుల్ మార్పులూ సెలవులూ తూకాల గురించే.

ఖర్చు. అనుకున్నంత కాదు. 22,000 జీతం ఉన్న మనిషికి నెలకి 26 రోజులు, రోజుకి 8 గంటలు లెక్కేస్తే 208 గంటలు. ఇంగ్లండ్ వాళ్ళు 2022లో పెట్టినట్టు వారానికి ఆరు గంటలు ఇస్తే నెలకి దాదాపు 26 గంటలు, అంటే జీతంలో ఎనిమిదోవంతు, 2,750 రూపాయలు. నేను చెప్పిన మూడు గంటల పద్ధతికి అందులో సగం. ఐదుగురికి కలిపినా నెలకి ఏడువేల లోపే. నేర్పేవాళ్ళ అలవెన్స్ దీనికి అదనం. అసలు ఖర్చు మొదటి నాలుగైదు నెలల్లో జరిగే పొరపాట్లు. అది ఇప్పుడూ జరుగుతోంది, లెక్కలోకి రావడం లేదంతే.

ఐదుగురినీ ఒకేసారి మొదలుపెట్టకండి, ఇద్దరితో చేయండి. సరుకు తగ్గే డిసెంబర్ ప్రాంతంలో మొదలుపెడితే, సంక్రాంతికి హాజరు పరీక్ష అయిపోతుంది, వేసవి పట్టుబడులు జోరందుకునేసరికి లోడ్ల దాకా వస్తారు. మే నెలలో మాత్రం పొరపాటున కూడా మొదలెట్టొద్దు, ఆ రద్దీలో నేర్పేవాడికి ఊపిరాడదు.

ఐదుగురిలో ఎవరిని ఎంచుకోవాలంటే, ముందు వాళ్ళనే అడగండి. జీతం పెరుగుతుందని తలూపి, లోలోపల గ్రేడింగ్‌కే తిరిగి వెళ్ళాలని ఉన్నవాళ్ళు ఇద్దరైనా ఉంటారు. వాళ్ళని పరువు తగ్గకుండా, పెంచిన జీతం కోయకుండా సీనియర్ గ్రేడర్ అనే హోదా ఇచ్చి వెనక్కి తెచ్చుకోండి. మంచి పనివాడు పైకి ఎదగడానికి సూపర్వైజర్ కుర్చీ ఒక్కటే దారి అయితే, ఇష్టం లేనివాళ్ళు కూడా ఎక్కుతారు.

నేర్చుకున్నాక పక్క ప్లాంట్‌కి పోతారా? కొందరు పోతారు. బాండ్ రాయించుకోవడం, సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం లాంటివి చేయకండి. ఒరిజినల్స్ పట్టుకోవడం అన్యాయం, పైగా ఉండాలనుకున్నవాడికి కూడా అనుమానం పుట్టిస్తుంది. నేను చూసినంతవరకు మనిషి రెండువేలు ఎక్కువొస్తుందని పోవడం తక్కువ. ఏడాది నేర్చుకున్నాక కూడా పాత కుర్చీలో పాత జీతానికి కూర్చోబెడితే పోతాడు. ఏడాది చివర జీతం ఎంత పెరుగుతుందో, ఏ షిఫ్ట్ తనదవుతుందో మొదటిరోజే రాసి ఇవ్వండి.

తయారైన సూపర్వైజర్ విలువ మంచి రోజుల్లో అంతగా తెలియదు. 2025 ఆగస్టు చివర్లో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు మన వైపు షిఫ్టులు తగ్గించుకున్న ప్లాంట్లు ఉన్నాయి. ఈ వారం ఎవరికి పని, ఎవరికి లేదు అని ఫ్లోర్ మీద నిలబడి చెప్పాల్సింది సూపర్వైజరే. ఒకచోట నోటీసు అంటించి మొహం చాటేశారు, మర్నాడు గేటు దగ్గర గుంపు. ఇంకోచోట సూపర్వైజర్ టేబుల్ వారీగా వంతులు వేసి, ఏ ఇంటికీ పని పూర్తిగా పోకుండా చూసి, ఆ కాగితం ముందే అందరికీ చదివి వినిపించాడు. తిట్టుకున్నారు గానీ ఎవరూ పని మానలేదు.

చివరి పరీక్ష. ఏడాది అయ్యాక మూడు షిఫ్టులు మొత్తం అతనికే వదిలేయండి. అందులో ఒకటి రాత్రిది కావాలి. ఆ మూడు షిఫ్టులకి మీరు గానీ ఇన్‌చార్జి గానీ ఫోన్ చేయకూడదు. తర్వాత మీకు తెలిసిన వేరే ప్లాంట్ ప్రొడక్షన్ మేనేజర్‌నో, రిటైరైన క్వాలిటీ మనిషినో పిలిచి, అతని నోటుబుక్కు ముందు పెట్టి గంటన్నర ప్రశ్నలు అడిగించండి. అదే టేబుళ్ళ మీద పనిచేసే నలుగురితో కూడా విడిగా మాట్లాడమనండి. బయటి మనిషి పనికిరాడన్నా, ఇంకో మూడు నెలలు కావాలన్నా ఒప్పుకోండి.

సర్టిఫికెట్ ఇవ్వాలా అని కూడా అడిగారు. ఇవ్వండి, కంపెనీ లెటర్‌హెడ్ మీద, ఏ ఏ పనులు సొంతంగా చేయగలడో వివరంగా రాసి. ఉత్త "లీడర్‌షిప్ ట్రైనింగ్ పూర్తిచేశాడు" అని ఉంటే దాన్ని ఎవరూ చదవరు.

మీ ప్లాంట్‌లో ప్లేట్ ఫ్రీజర్లు ఎన్ని, ఐక్యూఎఫ్ లైన్ (రొయ్యలను విడివిడిగా గడ్డకట్టించేది) ఉందా, షిఫ్ట్‌కి టేబుళ్ళు ఎన్ని, కూలివాళ్ళు మీ మనుషులా కాంట్రాక్టర్ మనుషులా చెప్పండి. మేస్త్రీ కింద ఉంటే హాజరు, కూలిరేట్ల భాగం కొంచెం మార్చాలి. అవి తెలిస్తే మొదటి మూడు నెలలకి ఏ నిర్ణయం ఎప్పుడు అప్పగించాలో వరస రాసి ఇస్తాను.